చెరిపితేనే బాగుపడే ఫైలు: ఫోటోషాప్ కాలంలో సెట్టింగుల భద్రత చరిత్ర

ఫోటోలు సవరించే సాఫ్ట్‌వేర్ల చరిత్రను సాధారణంగా పనిముట్ల చరిత్రగానే రాస్తూ వచ్చారు. లేయర్లు 1994లో వచ్చాయని, మచ్చలను మాయం చేసే హీలింగ్ బ్రష్ 2002లో చేరిందని వరుసగా చెప్పుకుంటూ పోయే ఆ కథనాల్లో, ఆ పనిముట్లను ఏళ్ల తరబడి వాడిన మనిషి తన చేతి అలవాటుకు తగినట్టు దిద్దుకున్న వాటికి చోటు దొరకలేదు. తనకోసం తయారుచేసుకున్న బ్రష్షులు, ఏరి పెట్టుకున్న రంగులు, మార్చుకున్న షార్ట్‌కట్ కీలు, తెరమీద ప్యానెళ్ల అమరిక, ఒక్క మీట నొక్కితే పది పనులు వరుసగా జరిగేలా రికార్డు చేసుకున్న ఆజ్ఞలు, వీటన్నిటినీ కలిపి సెట్టింగులు అంటారు. ఇవి ఎక్కడ నిలువ ఉండేవి, ఎందుకు పోయేవి, పోతే తిరిగి ఎలా రాబట్టుకునేవారు అన్న విషయాలు పరిశీలిస్తే, మొదటి రూపకల్పనలోనే ఒక చిక్కుముడి పడిందని తెలుస్తుంది. సాఫ్ట్‌వేరు తన రోజువారీ నడక కోసం గుర్తుపెట్టుకోవలసిన వివరాలనూ, వాడుకరి శ్రమపడి కూర్చుకున్న వివరాలనూ ఒకే చోట నిలువ చేశారు. సాఫ్ట్‌వేరుకు జబ్బు చేసినప్పుడు ఆ చోటును చెరిపివేయడమే చికిత్సగా స్థిరపడింది. ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు జరిగిన మార్పుల్లో అధిక భాగం ఈ రెండింటినీ విడదీయడానికి, కొన్నిసార్లు తెలియకుండానే, చేసిన ప్రయత్నాలు.

కంప్యూటరుకు ముందు డార్క్‌రూములో ఈ చిక్కు లేదు. నెగటివ్ నుంచి ప్రింటు తీసేటప్పుడు కాగితంమీద ఒక భాగానికి వెలుగు తగలకుండా కాసేపు అడ్డుపెట్టి దాన్ని తేలికపరచడాన్ని డాడ్జింగ్ అనీ, మరో భాగానికి అదనంగా వెలుగునిచ్చి ముదురు చేయడాన్ని బర్నింగ్ అనీ అనేవారు. ఏ భాగానికి ఎన్ని సెకన్లు అన్న లెక్కను నిపుణులైన ప్రింటర్లు పరీక్షగా తీసిన ప్రింటుమీదనే గీతలు గీసి, అంకెలు వేసి భద్రపరిచేవారు. మాగ్నమ్ ఫోటో సంస్థకు న్యూయార్కులో ప్రింటరుగా పనిచేసిన పాబ్లో ఇనీరియో ప్రసిద్ధ చిత్రాలమీద ఇలా వలయాలు, అంకెలు నింపిన పటాలు తరువాతి కాలంలో ప్రచురణకు నోచుకుని, ఒక్క చిత్రం వెనక ఎంత లెక్క ఉంటుందో లోకానికి చూపాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, ఎన్‌లార్జరు చెడిపోయినా, దాని బల్బు మార్చినా, గదే మారినా, ఆ కాగితానికి ఏ ప్రమాదమూ లేదు. యంత్రం వేరు, యంత్రాన్ని నడిపే లెక్క వేరు. ఆ లెక్క యంత్రం కడుపులోకి చేరింది కంప్యూటరుతోనే.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న థామస్ నోల్ 1987లో మాకింటోష్ తెరమీద బూడిదరంగు చిత్రాలు చూపడానికి ‘డిస్‌ప్లే’ అనే చిన్న ప్రోగ్రాము రాయగా, సినిమా దృశ్యమాయలకు పేరొందిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థలో పనిచేస్తున్న ఆయన సోదరుడు జాన్ నోల్ ప్రోత్సాహంతో అది పెరిగి పెద్దదై, అడోబీ సంస్థ చేతుల మీదుగా 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్‌గా విడుదలైంది. ఆ తొలి సంస్కరణ మాకింటోష్‌కు మాత్రమే పరిమితం. 2013లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ప్రజలముందుంచిన 1.0.1 మూలసంకేతం 179 ఫైళ్లలో సుమారు 1,28,000 పంక్తులకు మించలేదని, అందులో ఎక్కువ భాగం పాస్కల్ భాషలో ఉందని తెలిస్తే, ఎంత చిన్న బృందం ఎంత పరిమిత వనరులతో ఆ పని చేసిందో అర్థమవుతుంది. అటువంటి బృందానికి సెట్టింగులు ఎక్కడ దాచాలన్నది పెద్ద సమస్యగా తోచి ఉండదు. ఆనాటి మాకింటోష్‌లో ప్రతి ప్రోగ్రామూ తన చిన్న ప్రిఫరెన్సుల ఫైలును సిస్టమ్ ఫోల్డరులో పడవేసేది. 1991లో వచ్చిన సిస్టమ్ 7 ఆ ఫైళ్లన్నిటికీ సిస్టమ్ ఫోల్డరులోపలే ప్రిఫరెన్సెస్ అనే ప్రత్యేకమైన అరను ఏర్పరచింది. విండోస్ సంస్కరణలు వచ్చాక తొలి రోజుల్లో ఆ ఫైలు ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులోనే ఉండేది కనుక, ప్రోగ్రామును తీసివేసి మళ్లీ ఎక్కించేవారు ఆ ఫోల్డరుతోపాటు తమ అమరికలనూ ఊడ్చిపారేసుకునేవారు.

ఈ ప్రిఫరెన్సుల ఫైలులో ఏముండేదో చూస్తే తరువాతి కథంతా బోధపడుతుంది. కొలతలు అంగుళాల్లో చూపాలా సెంటీమీటర్లలో చూపాలా అన్న వాడుకరి కోరికలు అందులో ఉండేవి. ప్లగిన్లు ఏ ఫోల్డరులో వెతకాలి, కంప్యూటరు మెమరీ చాలనప్పుడు తాత్కాలికంగా రాసుకోవడానికి ఏ డిస్కు వాడుకోవాలి అన్న యంత్ర సంబంధమైన వివరాలూ అందులోనే ఉండేవి. ఈ తాత్కాలిక స్థలాన్ని స్క్రాచ్ డిస్కు అంటారు. ఇదంతా మనిషి చదవగలిగే అక్షరాల్లో ఉండేది కాదు, యంత్రానికి మాత్రమే అర్థమయ్యే సంకేతాల దిమ్మగా ఉండేది. పైగా ఆ దిమ్మను ఫోటోషాప్ తాను సక్రమంగా మూతపడే సమయంలో తిరిగి రాసేది. మూసేలోపు ప్రోగ్రాము కుప్పకూలితే ఆనాడు చేసిన మార్పులు నమోదు కావు. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో తెగిపోతుంది. తెగిన ఫైలును మర్నాడు చదవబోయిన ఫోటోషాప్ వింతగా ప్రవర్తించేది: పనిముట్లు మొరాయించేవి, ప్యానెళ్లు కనిపించకుండా పోయేవి, కొన్నిసార్లు ప్రోగ్రాము తెరుచుకునేదే కాదు.

దీనికి మాకింటోష్ వాడుకరుల్లో ఒక ఇంటివైద్యం వ్యాపించింది: ఆ ఫైలును చెత్తబుట్టలో వేస్తే ప్రోగ్రాము తనంతట తాను కొత్త ఫైలు పుట్టించుకుంటుంది. అడోబీ ఈ వైద్యానికి అధికారిక ముద్ర వేసింది. ఫోటోషాప్ తెరుచుకుంటున్న క్షణంలో మాకింటోష్‌లో కమాండ్, ఆప్షన్, షిఫ్ట్ కీలను, విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కీలను కలిపి నొక్కి పట్టుకుంటే, సెట్టింగుల ఫైలును చెరిపివేయమంటారా అని ఒక చిన్న పెట్టె అడుగుతుంది. అవునంటే చాలు, ప్రోగ్రాము పుట్టినప్పటి రూపానికి వస్తుంది. సాంకేతిక సహాయం ఇచ్చేవారి మొదటి సలహాగా మారిన ఈ మూడు కీల మంత్రం ఎన్నో యంత్రాలను నిలబెట్టిన మాట నిజమే. కానీ ఆ పెట్టె ఏది చెరిగిపోతుందో వివరంగా చెప్పేది కాదు. మంచీ చెడూ ఒకే దిమ్మలో ఉన్నప్పుడు చెడును మాత్రమే ఏరడం దాని వశం కూడా కాదు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమన్న సామెత ఈ చికిత్సకు వర్తించినంతగా మరే సాంకేతిక పద్ధతికీ వర్తించదేమో. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ ఇంట్లో ఏముందో ఇంటివాడికే స్పష్టంగా తెలియకపోవడం.

ఈ చిక్కుకు విరుగుడు మాత్రం ఫోటోషాప్‌లో మొదటినుంచీ మరో మూల ఎదుగుతూనే ఉంది. చిత్రంలోని వెలుగునీడల నిష్పత్తిని ఒక వంపుగీతతో మార్చే కర్వ్స్ అనే పనిముట్టు పెట్టెలో సేవ్, లోడ్ అనే రెండు బొత్తాలు ఉండేవి. ఒక గీత బాగా కుదిరితే దాన్ని ఏసీవీ అనే తోకపేరుగల చిన్న ఫైలుగా దాచుకుని, మరో చిత్రంమీద, మరో కంప్యూటరులో కూడా వాడుకోవచ్చు. ఇది చూడడానికి అల్పమైన సౌకర్యం, కానీ సూత్రరీత్యా పెద్ద అడుగు. ప్రోగ్రాము గుర్తుపెట్టుకున్న స్థితిని ప్రిఫరెన్స్ అంటే, వాడుకరి పేరుపెట్టి విడిగా దాచుకున్న స్థితిని ప్రీసెట్ అనవచ్చు. మొదటిది ప్రోగ్రాము సొత్తు, రెండోది వాడుకరి సొత్తు. 1996లో వచ్చిన 4.0 సంస్కరణ యాక్షన్లను తెచ్చింది. ఇవి ముందు చెప్పిన ఆజ్ఞల వరుసలు, ఏటీఎన్ ఫైళ్లుగా దాచదగినవి. బ్రష్షులకు ఏబీఆర్, రంగులకు ఏసీఓ, ఒక రంగునుంచి మరో రంగులోకి జారే గ్రేడియంట్లకు జీఆర్‌డీ ఫైళ్లు కుదిరాయి. 2000లో వెలువడిన 6.0 వీటన్నిటినీ ఒకేచోట నిర్వహించే ప్రీసెట్ మేనేజరును, 2002లో వెలువడిన 7.0 ప్యానెళ్ల అమరికను కూడా పేరుపెట్టి దాచుకునే వర్క్‌స్పేసులను ప్రవేశపెట్టాయి.

అయినా ముడి పూర్తిగా వీడలేదు. వాడుకరి కొత్తగా చేసిన యాక్షన్ ముందుగా ప్యానెలులో కనిపిస్తుంది. ప్యానెలులో కనిపించేదంతా సెట్టింగుల ఫోల్డరులోని ఒక ఉమ్మడి ఫైలులో ఉంటుంది. మెనూలోకి వెళ్లి సేవ్ అనే ఆజ్ఞ ఇచ్చి, విడి ఏటీఎన్ ఫైలుగా తీసి మరోచోట పెట్టినప్పుడే అది నిజంగా వాడుకరి సొత్తు అవుతుంది. కళ్లముందు కనబడుతున్నది భద్రంగానే ఉందని నమ్మడం మనిషి సహజగుణం కనుక, ఆ అదనపు అడుగు వేయనివారే ఎక్కువ, మూడు కీల మంత్రం వేశాక కళ్లు తెరిచినవారూ వారే. పుస్తకాల్లో ఒక్క వాక్యంతో ముగిసిపోయే ఈ తేడా, ఈ రంగంలో జరిగిన నష్టాల్లో పెద్ద వాటాకు కారణమని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఈలోగా సెట్టింగుల చిరునామా కూడా మారుతూ వచ్చింది. ఒకే కంప్యూటరును అనేకమంది వేరువేరు పేర్లతో వాడే పద్ధతి విండోస్‌లో స్థిరపడ్డాక, ఎవరి అమరికలు వారి ఇంటి ఫోల్డరులో ఉండాలన్న నియమం బలపడి, ఫోటోషాప్ సెట్టింగులు ప్రోగ్రాము ఫోల్డరును విడిచి అప్లికేషన్ డేటా అనే ఫోల్డరుకు చేరాయి. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టా దాన్ని యాప్‌డేటా అనే ఫోల్డరులో రోమింగ్ అనే అరకు మార్చింది. ఈ రెండు ఫోల్డర్లూ మామూలు చూపుకు కనబడకుండా దాగి ఉండేవి. ఆపిల్ కూడా 2011లో లయన్ అనే సంస్కరణతో వాడుకరి లైబ్రరీ ఫోల్డరును మరుగుపరచింది. తెలియక చెరుపుకోకుండా కాపాడాలన్న ఉద్దేశంతో చేసిన ఈ ఏర్పాటు, తెలిసి నకలు తీసుకోదలచినవారికి కూడా అడ్డుగోడ అయింది. తన ఫోటోలన్నీ శ్రద్ధగా బయటి డిస్కులోకి ఎక్కించుకునే వ్యక్తి, కంటికి కనిపించని ఫోల్డరును ఎక్కించడం మరచిపోవడంలో ఆశ్చర్యం లేదు. మొత్తం డిస్కును తనంతట తానే నకలు తీసే ఏర్పాట్లు, అంటే 2007లో ఆపిల్ తెచ్చిన టైమ్ మెషీన్ వంటివి, ఈ మరపును కొంతవరకు సరిచేశాయి.

తెలుగు నాట ఫోటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ ముద్రణశాలలు ఫోటోషాప్‌ను ముఖ్య జీవనాధారంగా చేసుకున్న కాలానికి 7.0 సంస్కరణ ప్రామాణికంగా నిలిచిపోయింది. దాని తరువాత ఎన్ని సంస్కరణలు వచ్చినా చాలా చోట్ల అదే కొనసాగింది. అక్కడ సెట్టింగులకు పెద్ద శత్రువు ఫైలు తెగిపోవడం కాదు, సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేయడం. వైరస్ సోకినా, యంత్రం మందగించినా, మెకానిక్ సి డ్రైవ్‌ను తుడిచి విండోస్‌ను కొత్తగా ఎక్కించడం ఆనాటి రివాజు. ఫోటోలు, ఆల్బమ్ టెంప్లేట్లు డి డ్రైవ్‌లో ఉండేవి కనుక మిగిలేవి. బ్రష్షులు, యాక్షన్లు సి డ్రైవ్‌లోని దాగిన ఫోల్డరుతోపాటు పోయేవి. పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒకే కాగితంమీద ఎనిమిది వరుసగా పేర్చే యాక్షన్, 12×36 అంగుళాల పెళ్లి ఆల్బమ్ షీట్లకు అంచులు దిద్దే యాక్షన్ వంటివి ఆ దుకాణాల రోజువారీ వేగానికి ఆధారం కనుక, అవి పోయిన రోజు పని ఆగినంత పని అయ్యేది. అనుభవం నేర్పిన జాగ్రత్తగా ఏటీఎన్, ఏబీఆర్ ఫైళ్లను డి డ్రైవ్‌లో ఒక ఫోల్డరులో పెట్టుకోవడం, సీడీలమీద ఎక్కించి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం అలవాటైంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే ఒక దుకాణంలో పోయినది పక్క వీధి దుకాణంలో దొరికేది. పథకం వేసి ఏర్పరచకపోయినా, ఒకే ఫైలుకు పలుచోట్ల నకళ్లుండడమనే భద్రతాసూత్రం అలా నెరవేరింది.

యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ సంప్రదాయంలో ఇదే సమస్య వేరొక దారిలో నడిచింది. అక్కడ పేరు ముందు చుక్క ఉన్న ఫైళ్లు జాబితాలో కనిపించవు. ఆ వ్యవస్థ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ 2012లో వివరించిన ప్రకారం, ఇది ఆలోచించి పెట్టిన నియమం కాదు. ప్రతి ఫోల్డరులో చుక్కగానూ, రెండు చుక్కలుగానూ కనిపించే రెండు సాంకేతిక పద్దులను దాచాలని, పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలేయమని రాసిన చిన్న ఆజ్ఞ, చుక్కతో మొదలయ్యే సమస్త ఫైళ్లనూ దాచివేసింది. సెట్టింగులకు అదే అనువైన స్థలమని ప్రోగ్రాములు రాసేవారు గ్రహించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో విద్యార్థులైన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో మొదలుపెట్టిన జింప్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా వాడుకరి ఇంటి ఫోల్డరులో చుక్కపేరుగల ఫోల్డరు ఒకటి చేసుకుని అందులో తన అమరికలు ఉంచింది. ఫోటోషాప్‌తో పోలిస్తే దాని విశిష్టత రెండు విషయాల్లో ఉంది. మొదటిది, జింప్ తన అమరికలను మామూలు అక్షరాల్లో, కుండలీకరణాల మధ్య, మనిషి చదివి దిద్దగలిగేలా రాస్తుంది. రెండోది, వాటిని ఒకే దిమ్మగా చేయకుండా విడగొట్టింది: సాధారణ కోరికలు జింప్‌ఆర్‌సీ అనే ఫైలులో, విండోల స్థానాలు సెషన్‌ఆర్‌సీ అనే మరో ఫైలులో, బ్రష్షులు వాటి సొంత ఫోల్డరులో ఉంటాయి. విండోలు తెర బయటికి జారిపోతే సెషన్‌ఆర్‌సీని మాత్రమే తీసివేయవచ్చు, బ్రష్షులకు ఏమీ కాదు. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేరుకంటే ఉచితంగా లభించేది ఈ ఒక్క విషయంలో వాడుకరిని ఎక్కువ గౌరవించిందనే చెప్పాలి.

ఫైలు తెగిపోయే ప్రమాదానికి కూడా యూనిక్స్ ప్రపంచం ఒక జవాబు కనిపెట్టింది. పాత ఫైలుమీదే రాయకుండా, కొత్త వివరాలను తాత్కాలికమైన మరో ఫైలులో పూర్తిగా రాసి, తరువాత దాని పేరును పాత ఫైలు పేరుకు మార్చితే, ఏ క్షణంలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి సంపూర్ణంగా మిగులుతుంది. జింప్ తన అమరికలను రాసే విధానంలో ఈ పద్ధతికి చోటుంది. కానీ ఈ నమ్మకానికి కూడా 2009లో ఒక పరీక్ష ఎదురైంది. లైనక్స్‌లో అప్పుడే స్థిరపడిన ఎక్స్‌ట్4 అనే ఫైళ్ల వ్యవస్థ వేగం కోసం సమాచారాన్ని డిస్కుమీద రాయడాన్ని కొంత వాయిదా వేసేది; పేరు మార్పు ముందు నమోదై, లోపలి సమాచారం నమోదు కాకముందే యంత్రం ఆగిపోతే, సెట్టింగుల ఫైళ్లు పేరుకు మిగిలి లోపల ఖాళీగా కనిపించేవి. తప్పు ప్రోగ్రాములు రాసేవారిదా, ఫైళ్ల వ్యవస్థదా అన్న వాదం తీవ్రంగా సాగిన తరువాత, దాని ప్రధాన నిర్మాత థియొడోర్ సో ఈ సందర్భాన్ని ప్రత్యేకంగా గుర్తించి సమాచారాన్ని ముందే రాసే సవరణ చేర్చారు.

సెట్టింగులను చిత్రంతోనే ప్రయాణింపజేయడం మరో మార్గం. 1996లో వచ్చిన సర్దుబాటు లేయర్లు, చిత్రంలోని చుక్కలను మార్చకుండా మార్పు తాలూకు అంకెలను మాత్రమే పీఎస్‌డీ ఫైలులో దాచాయి. అంటే డార్క్‌రూము ప్రింటుమీది అంకెలు మళ్లీ చిత్రం దగ్గరికే చేరాయి. 2001లో అడోబీ ప్రకటించిన ఎక్స్ఎంపీ అనే ప్రమాణం చిత్రానికి సంబంధించిన వివరాలను చదవదగిన అక్షరాల్లో రాసే పద్ధతిని నిర్దేశించింది. 2003లో థామస్ నోల్ స్వయంగా రాసిన కెమెరా రా ప్లగిన్, కెమెరా పట్టిన ముడి సమాచారాన్ని ముట్టుకోకుండా, తన సర్దుబాట్లను చిత్రం పక్కనే అదే పేరుతో ఉండే చిన్న ఎక్స్ఎంపీ ఫైలులో రాయగలిగింది. ఇటువంటి తోడుఫైలును సైడ్‌కార్ అంటారు. గూగుల్ 2004లో సొంతం చేసుకున్న పికాసా కూడా ప్రతి ఫోల్డరులో ఒక ఐఎన్ఐ ఫైలు ఉంచి, అందులో కత్తిరింపులు, రంగు సవరణలు నమోదు చేసేది; అనవసరపు చెత్త అనుకుని దాన్ని చెరిపినవారికి ఆ సవరణల జాబితా పోయేది. 2016లో గూగుల్ పికాసాను నిలిపివేసినప్పుడు ఆ ఐఎన్ఐ ఫైళ్లను చదివే ప్రోగ్రాముకు నవీకరణలు ఆగిపోయాయి. ఆపిల్ 2005లో తెచ్చిన అపర్చర్ అనే సాఫ్ట్‌వేరులో వాల్ట్ అనే పేరుతో మొత్తం లైబ్రరీకి నకలు తీసే మంచి ఏర్పాటు ఉన్నా, 2014లో దాని అభివృద్ధిని ఆపివేస్తున్నట్టు ప్రకటించాక, అడోబీ వారి లైట్‌రూముకు మారినవారి వెంట మూల చిత్రాలు, పేర్లు, నక్షత్రాల గుర్తులు వచ్చాయిగానీ, సర్దుబాట్లు సర్దుబాట్లుగా రాలేదు. ఒక సాఫ్ట్‌వేరు వెలుగును లెక్కగట్టే తీరు మరొకదానికి తెలియదు కనుక, సెట్టింగుల ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా నష్టం తప్పలేదు.

2007లో వెలువడిన లైట్‌రూము ఈ సర్దుబాట్లన్నిటినీ కేటలాగ్ అనే ఒకే దత్తాంశ నిధిలో పెట్టింది. దాని అడుగున ఉన్నది 2000లో రిచర్డ్ హిప్ సృష్టించిన ఎస్‌క్యూలైట్. రాస్తుండగా యంత్రం ఆగినా పూర్వస్థితికి వెనుదిరగగలిగేలా మార్చబోయే భాగాల పాత రూపాన్ని ముందుగా ఒక పద్దుచిట్టాలో రాసుకోవడం దాని ప్రత్యేకత. పైగా లైట్‌రూము మూసేటప్పుడు కేటలాగుకు నకలు తీయమంటారా అని వారానికోసారి తానే అడుగుతుంది. ఫోటోషాప్ మూడు కీలు నొక్కితే చెరపమంటారా అని అడిగేది, లైట్‌రూము ఎవరూ నొక్కకుండానే దాచమంటారా అని అడిగింది. ఒకే సంస్థ ఉత్పత్తుల్లో వచ్చిన ఈ మార్పు గమనించదగ్గది. ఇక్కడా ఒక లోపం మిగిలింది: ఆ నకలులో కేటలాగు ఉంటుంది, వాడుకరి ప్రీసెట్లు మామూలుగా అందులో ఉండవు, వేరే ఫోల్డరులో ఉంటాయి. 2018 ఏప్రిల్‌లో ఆ ప్రీసెట్లు ఎక్స్ఎంపీ రూపంలోకి మారి కెమెరా రా ఫోల్డరుకు తరలిపోవడంతో, పాత ఫోల్డరుకే నకలు తీసుకుంటూ పోయినవారు పాత సరుకునే కాపాడుకున్నారు.

ఫోటోషాప్‌లో 2012 నాటి సీఎస్6 సంస్కరణ రెండు మేలైన పనులు చేసింది. పాత సంస్కరణలోని ప్రీసెట్లను కొత్తదానిలోకి తెచ్చుకుంటారా అని మొదటిసారి తెరిచినప్పుడు అడగడం ఒకటి. వాటిని కట్టగట్టి బయటికి పంపి మరో యంత్రంలో దించుకునే ఎగుమతి, దిగుమతి ఆజ్ఞలు రెండోది. అదే సంస్కరణ, తెరిచి ఉన్న చిత్రాన్ని పది నిమిషాలకోసారి తనంతట తాను దాచి, ప్రోగ్రాము కుప్పకూలితే తిరిగి చూపే ఏర్పాటు కూడా తెచ్చింది. చిత్రానికి లభించిన ఈ పది నిమిషాల రక్షణ, కొత్తగా రికార్డు చేసిన యాక్షన్‌కు లభించలేదన్నది సెట్టింగుల స్థాయి ఇంకా ద్వితీయమేనని చూపుతుంది.

అక్షరాలకు సంబంధించిన ఒక సెట్టింగు దెబ్బ తెలుగువారికి ప్రత్యేకంగా తగిలింది. 7.0 కాలంలో తెలుగు డీటీపీ అనూ ఫాంట్లమీద నడిచింది. యూనికోడ్‌కు బయట, ప్రతి అక్షరరూపానికీ విడి సంకేతం ఉండే ఆ ఫాంట్లలో వత్తులు, గుణింతాలు ఫోటోషాప్ సాయం లేకుండానే కుదిరేవి. యూనికోడ్ తెలుగులో ఆ కూర్పు బాధ్యత సాఫ్ట్‌వేరుదే. తరువాత చందా పద్ధతిలో వచ్చిన క్రియేటివ్ క్లౌడ్ సంస్కరణల్లో ఆ సామర్థ్యం వచ్చినా, ప్రిఫరెన్సుల్లో టైప్ విభాగంలోకి వెళ్లి మధ్యప్రాచ్య, దక్షిణాసియా లిపుల యంత్రాంగాన్ని ఎంచుకుంటేనే అది పనిచేసేది. మూడు కీల మంత్రం వేసిన మరుక్షణం ఆ ఎంపిక చెరిగి, కొత్తగా టైపు చేసిన తెలుగులో వత్తులు విడిపోయి పొల్లులుగా నిలబడేవి. ఫాంటు చెడిందనుకుని ఫాంట్లు మార్చినవారికి, అసలు కారణం చెరిగిన సెట్టింగు అని గ్రహించడానికి సమయం పట్టేది. 2020ల తొలి సంవత్సరాల్లో అడోబీ అన్ని లిపులకూ ఒకే యంత్రాంగాన్ని ఏర్పరచి ఆ ఎంపికనే తొలగించడంతో ఈ బాధ తీరింది.

హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన శంతను నారాయణ్ సారథ్యంలో అడోబీ 2013లో ఫోటోషాప్‌ను చందా పద్ధతికి మార్చింది. దానితోపాటే సెట్టింగులకు మరో చిరునామా ఏర్పడింది: సంస్థ సర్వరు. ఆ ఏడాది వచ్చిన సింక్ సెట్టింగ్స్ ఏర్పాటు బ్రష్షులను, రంగులను, ప్రిఫరెన్సులను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సర్వరు మీదుగా చేరవేసేది. రెండు చోట్లా వేరువేరు మార్పులు జరిగితే ఇక్కడిది ఉంచాలా, అక్కడిది ఉంచాలా అని వాడుకరినే అడిగేది. కొద్ది సంస్కరణల తరువాత దాన్ని తీసివేశారు. సంస్థ పంపే నవీకరణలే ప్రమాదంగా మారిన సందర్భాలూ ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో మాకింటోష్‌కు వచ్చిన క్రియేటివ్ క్లౌడ్ నవీకరణ ఒకటి, డిస్కు మూల ఫోల్డరులో అక్షరక్రమంలో మొదట వచ్చే ఫోల్డరు లోపలి ఫైళ్లను చెరిపివేయగా, బ్యాక్‌బ్లేజ్ అనే నకలు సేవకు చెందిన ఫోల్డరే ఆ సేవ వాడేవారి యంత్రాల్లో మొదట ఉండడంతో, భద్రతకోసం పెట్టుకున్న ఏర్పాటే ముందుగా దెబ్బతింది. అడోబీ ఆ నవీకరణను నిలిపివేసి, సరిచేసినదాన్ని విడుదల చేసింది.

2020 ఆగస్టులో మరింత నేరుగా నష్టం జరిగింది. ఐఫోన్, ఐప్యాడ్ లైట్‌రూమ్ యాప్ 5.4 సంస్కరణకు మారిన వాడుకరుల్లో కొందరి ఫోటోలు, ప్రీసెట్లు, సర్వరుకు ఇంకా చేరనివి, యంత్రం నుంచి చెరిగిపోయాయి. చందా కట్టకుండా ఉచిత యాప్ వాడేవారికి సర్వరులో నకలు ఉండదు కనుక వారికి తగిలిన దెబ్బ తీవ్రమైనది. 5.4.1 సంస్కరణ వెంటనే వచ్చి ఆ నష్టం మరెవరికీ జరగకుండా ఆపింది, అయితే పోయినవాటిని తిరిగి తేలేదని సంస్థ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఐఫోన్ మొత్తానికి, నవీకరణకు ముందు, కంప్యూటరులోనో ఐక్లౌడ్‌లోనో నకలు తీసి ఉంచుకున్నవారికి మాత్రం తిరిగి పొందే అవకాశం మిగిలింది. ఆ నకలు లైట్‌రూమ్ తీసినది కాదు. ఫోన్‌లో లైట్‌రూమ్ ఉందో లేదో పట్టించుకోని ఆపిల్ ఏర్పాటు తీసినది.